నకలు మనుషులు, అసలు వెట్టి

పులివెందుల, వేంపల్లె, లింగాల వైపు అరటితోటలకు కూలికి పోయే మన ఆడోళ్ళను క్లోనింగ్ అంటే తెలుసా అని అడగండి. మాకేం తెలుసు నాయనా, అది సదువుకున్నోళ్ళ మాట అంటారు. కానీ ఈ జిల్లాలో ఆ మొక్కలను వాళ్ళకంటే ఎక్కువగా చేత్తో పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ల్యాబుల నుంచి ప్లాస్టిక్ సంచుల్లో దిగే జి-నైన్ అరటిమొక్కల్ని ఎకరాకు వెయ్యికి పైగా గుంతల్లో పెట్టి, మట్టి తొక్కి, నీళ్ళు పోసేది వాళ్ళే. ఆ వెయ్యి మొక్కలకూ విత్తనం లేదు. ఒక తల్లిచెట్టు ముక్కను సీసాలో పెంచి, దాన్ని పదింతలు, వందింతలు చేసి తీసిన నకళ్ళు అవన్నీ. క్లోన్ అనే మాట కూడా గ్రీకు భాషలో కొమ్మ, రెమ్మ అనే అర్థమున్న మాటలోంచే పుట్టింది. ఆ లెక్కన అరటి పిలకా నకలే, చీనీచెట్టుకు కట్టే అంటూ నకలే. కాబట్టి ఇది మనకెక్కని సంగతని పత్రిక మడిచి పక్కన పెట్టొద్దని మా మనవి.

ఈ సంగతి మేం ఎందుకెత్తుకున్నామంటే, కలమల్లలో ఒక రాత్రి నలుగురం కూర్చున్నప్పుడు ఒక కుర్రోడు సెల్లులో చూసిన సినిమా కథ చెప్పినాడు. డబ్బున్నోళ్ళు తమకు గుండెకాయో మూత్రపిండమో చెడిపోతే మార్చుకోవడానికి తమలాంటి మనుషులనే ల్యాబులో పుట్టించి, ఒకచోట మందలాగా పెంచుతారంట. కథంతా చెప్పి, "అన్నా, అట్ల పుట్టించినోళ్ళు మనుషులేనా, కాదా?" అని అడిగినాడు. పక్కన గోడకానుకొని బీడీ తాగుతున్న పెద్దాయన ఒకాయన, చిన్నప్పుడు జమ్మలమడుగు వైపు జీతముండినాయన, "ఆ మాట అడిగేదెవరప్పా? ఆళ్ళా, ఆళ్ళను పెంచినోళ్ళా?" అన్నాడు. మేమెవరం మాట్లాడలేకపోయినాం. ఈ వ్యాసం ఆ ప్రశ్న వెనకాల నడిచే ప్రయత్నమే.

ముందు సైన్సు సంగతి. స్కాట్లాండులో 1996 జూలైలో డాలీ అనే గొర్రెపిల్ల పుట్టింది. ఒక గొర్రె పొదుగులోంచి తీసిన కణంతో దాన్ని పుట్టించినారు. 277 సార్లు చేస్తే నిలిచింది అదొక్కటే. లోకానికి 1997లో తెలిసింది, 2003లో చచ్చిపోయింది. మన దేశంలో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ 2009 ఫిబ్రవరిలో బర్రెదూడను ఇట్లాగే పుట్టించింది. అది కొద్దిరోజులకే పోయింది. జూన్‌లో పుట్టినదానికి గరిమ అని పేరు పెట్టినారు. గరిమ అంటే గొప్పతనం, గౌరవం. 2010లో పుట్టిన రెండో గరిమ 2013లో మామూలు బర్రె మాదిరే ఈనింది. మనిషిని ఇట్లా పుట్టించినట్టు మాత్రం ఇప్పటిదాకా ఎవరూ రుజువు చెయ్యలేదు. 2002లో ఒక మతం వాళ్ళు మేం చేసినాం అని చాటింపు వేసుకున్నారు గాని బిడ్డనూ చూపలేదు, ఆధారమూ చూపలేదు. మన దేశంలో వైద్య పరిశోధనా మండలి నియమాల ప్రకారం ఆ పని నిషిద్ధం. మంచిదే.

ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. అమెరికాలో 2001 చివర పిల్లిని క్లోన్ చేసినారు. తల్లిపిల్లికి మూడు రంగుల మచ్చలుండినాయి. నకలుగా పుట్టిన పిల్లికి ఆ రంగులు రాలేదు, వేరే చారలొచ్చినాయి. లోపలున్న జన్యువులు అవే. కడుపు వేరు, ఎదిగిన తీరు వేరు. కవలపిల్లలున్న ఇంట్లో అడిగినా ఇదే చెప్తారు. ఒకే పోలికతో పుట్టినోళ్ళకు కూడా వేలిముద్రలు కలవవు, బుద్ధులు కలవవు, ఇద్దరిలో ఎవరు అసలు, ఎవరు నకలు అని ఏ తల్లీ అడగదు.

ఇప్పుడు కథల సంగతి. 2010లో 'రోబో' సినిమా వచ్చినప్పుడు మన పల్లెల్లో చూడనోడు లేడు. ఆ రోబో అనే మాట ఎక్కడిదో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెక్ దేశంలో కారెల్ చాపెక్ అనే రచయిత 1920లో ఒక నాటకం రాసినాడు. 'ఆర్.యు.ఆర్.' దాని పేరు. అందులో రోబోలు ఇనుముతో చేసిన బొమ్మలు కావు. రక్తమాంసాల లాంటి పదార్థంతో కార్ఖానాలో తయారుచేసిన మనుషులు. జీతమడగరు, సెలవడగరు, నొప్పి అంటే తెలియకుండా చేసినారు. వాళ్ళకు పేరు పెట్టడానికి చాపెక్ కొత్త మాట వెతకలేదు. వాళ్ళ ఊళ్ళల్లో రైతుకూలీలు జమీందారు పొలంలో కూలి లేకుండా చెయ్యాల్సిన పనిని 'రోబోతా' అనేవాళ్ళు. ఆ మాటనుంచే రోబోట్ వచ్చింది. రోబోతా అంటే మన భాషలో వెట్టి. అంతకు మించి ఒక్క అక్షరం అర్థం లేదు. ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఆ వెట్టిని 1848లో రద్దు చేసినారు. మాట మాత్రం బతికి ప్రపంచమంతా తిరిగి, రజనీకాంత్ బొమ్మతో మన ఎర్రగుంట్లకు, ప్రొద్దుటూరుకు వచ్చింది. మనోళ్ళు టికెట్టు కొని, ఈలవేసి, తమ తాతల పేరే తెరమీద చూసి ఇంటికొచ్చినారు.

సైన్సు కథలు రాబోయే కాలం గురించి రాస్తారంటారు. మేం చదివినంతలో మాత్రం అవి దాటిపోయిన కాలం గురించే ఎక్కువ మాట్లాడతాయి. యజమానికి రేపెట్లాంటి మనిషి కావాల అని ఊహ చేసుకుంటే నిన్నటి జీతగాడే కంటికి ఆనుతాడు.

జపానులో పుట్టి ఇంగ్లండులో పెరిగిన కజువో ఇషిగురో 2005లో 'నెవర్ లెట్ మీ గో' అనే నవల రాసినాడు. ఆయనకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. అందులో పిల్లలు హాస్టలు లాంటి ఒక మంచి బడిలో పెరుగుతారు. ఆటలుంటాయి, బొమ్మలేస్తారు, పద్యాలు రాస్తారు. నిదానంగా తెలుస్తుంది, వాళ్ళు నకలు మనుషులని, పెద్దయినాక ఒక్కొక్క అవయవం ఇచ్చి చచ్చిపోవడానికే పెంచుతున్నారని. అవయవం కోసుకోవడాన్ని అక్కడ 'దానం' అంటారు. చావును చావు అనరు, 'పూర్తికావడం' అంటారు. మాటలు చాలా మర్యాదగా ఉంటాయి. మనకు కొత్తేం కాదు. 'మా ఇంట్లో మనిషే', 'మా పెద్దోడి తర్వాత వీడే' అని జీతగాణ్ణి గురించి ఆసామి నలుగురిలో చెప్పేటప్పుడు ఎంత మర్యాదగా చెప్తాడు! ఆ ఇంట్లో మనిషి పశువుల కొట్టంలో పడుకుంటాడు, దోసిట్లో పోయించుకొని నీళ్ళు తాగుతాడు.

ఆ నవల చదివినోళ్ళు చాలామంది ఒకే మాట అడిగినారు. వాళ్ళకు సంకెళ్ళు లేవు గదా, కాపలా లేదు గదా, కార్లు నడుపుతారు, ఊళ్ళు తిరుగుతారు, మరి పారిపోరెందుకు? అది కథలో లోపమన్నోళ్ళు కూడా ఉన్నారు. మాకైతే ఆ పుస్తకంలో అన్నిటికంటే నిజమైన సంగతి అదే అనిపించింది. ఈ ప్రశ్న మన పెద్దలను కూడా అడిగినారు. అధికారులడిగినారు, పత్రికలోళ్ళడిగినారు, చదువుకున్న మన పిల్లలే అడిగినారు. కాళ్ళున్నాయి గదా తాతా, దావ ఉండాది గదా, రైలు పోతాంటుంది గదా, ఎందుకు పోలేదు?

ఆ పెద్దాయన్ను మేమూ అడిగినాం. అడిగినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాం. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాం. "యాడికి పోవాల? మా నాయన సావుకు తెచ్చిన దుడ్డు నా మీద ఉండె. నేను పోతే మా తమ్ముణ్ణి కట్టేస్తాడు. ఇల్లు ఆయప్ప జాగాలో ఉండె. పక్కూరోడు పనికి పెట్టుకుంటాడా? పలానా ఆయప్ప జీతగాడని అందరికీ ఎరికే. ఒకరి మనిషిని ఒకరు పెట్టుకోరు, అది ఆళ్ళ కట్టుబాటు. ఇంగ పోవడమనే మాట నోట్లోకి రాలా, మనసులోకే రాలా."

ఉగాది నుంచి ఉగాదికి జీతం. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక కంబడి, ఒక జత చెప్పులు. ఎద్దు జారిపడినా, దూడ చచ్చినా, తనకు జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకున్నా లెక్కలో కోత. ఏడాది చివర లెక్క చూస్తే అప్పు తరగదు, పెరుగుతుంది. లెక్క రాసేది ఆసామి, చదివేది ఆసామి. ఈయనకు మిగిలేది వేలిముద్ర. గోడ అవసరమేముంది అక్కడ?

ఆ నవలలో మా కడుపు మండించింది ఇంకొకటుంది. ఆ పిల్లలు వేసిన బొమ్మల్లో బాగున్నవాటిని ఒకామె వచ్చి తీసుకుపోతుంటుంది. ఎందుకో పిల్లలకు తెలియదు. నిజంగా ప్రేమించుకున్న జంటకు కొన్నేళ్ళు గడువిస్తారనీ, ఆ ప్రేమ నిజమో కాదో ఆ బొమ్మలు చూసి తేలుస్తారనీ ఒక పుకారు. ఒక జంట ఆమెను వెతుక్కుంటూ పోయి అడుగుతారు. గడువూ లేదు, గిడువూ లేదు అని తెలుస్తుంది. మరి బొమ్మలెందుకు తీసుకుపోయినారమ్మా అంటే, మీకు ఆత్మ ఉందని బయటోళ్ళకు రుజువు చూపడానికి అంటారు. వాళ్ళ మేలుకోరిన దయగల మనుషులే ఆ మాటంటారు.

మనకిది తెలియని రుజువా? మేం కూడా పాడగలమని, మేం కూడా పద్యం రాయగలమని, మా పిల్లోనికీ ఫస్టు క్లాసు వచ్చిందని మనం ఎన్నిసార్లు, ఎవరి ముందర బొమ్మలు పట్టుకొని నిలబడలేదు? మార్కులు తక్కువొస్తే మెరిట్ లేదంటారు. ఎక్కువొస్తే ఇంక రిజర్వేషన్ ఎందుకంటారు. పరీక్ష పెట్టేవాడు మారడు, మనం రాసే పరీక్ష మాత్రం మారుతుంటుంది. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి చవదార్ చెరువు నీళ్ళు తాగినప్పుడు, మాకూ ఆత్మ ఉంది చూడండి అని ఎవరికీ బొమ్మ చూపలేదు. దోసిలి ముంచి తాగినారు. పరీక్షకే కూర్చోకపోవడం అంటే అది. మన పిల్లలు బొమ్మలు వెయ్యొద్దని, పాటలు రాయొద్దని మేం అనడంలేదు, పొరపాటు పడొద్దు. ఎవరికి చూపడానికి వేస్తున్నామన్నదే మా పేచీ.

కథల్లో నకలు మనుషులకు ఒక ముద్ర ఉంటుంది, పుట్టుకతోనే వాళ్ళంతా ఒకటే అని. ఈ దేశంలో ఆ ముద్ర చట్టంగానే వచ్చింది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చినారు. ఫలానా జాతిలో పుట్టినోడు పుట్టుకతోనే దొంగ అని దాని సారం. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానిలోకి, అంటే మన జిల్లాల్లోకీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను సెటిల్మెంట్లలో పెట్టినారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా సాల్వేషన్ ఆర్మీ చేతికింద ఏర్పడిందే. రిజిస్టరులో పేరుండాల, హాజరు పలకాల, చెప్పకుండా ఊరు దాటగూడదు.

వాళ్ళ వేలిముద్రలు కూడా తీసుకున్నారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. వేలిముద్ర ఎందుకు తీసుకుంటారు? ఏ ఇద్దరి ముద్రా ఒకటిగా ఉండదు గనక. అంటే ప్రతి మనిషీ వేరు అని ఆ దొరకు తెలుసు, తెలిసి సిరా పూసి ముద్ర వేయించుకున్నాడు. ఆ ముద్రను ఏ రిజిస్టరులో అంటించినాడు? వీళ్ళంతా ఒకటే అని రాసిన రిజిస్టరులో! ఒకే జన్యువులున్న పిల్లికి మచ్చ మారిందని ఈనాటి సైన్సు చెప్తుంది. వేరువేరు తల్లుల కడుపున పుట్టిన వేలమందిని ఒకే అచ్చు బొమ్మలని ఆనాటి చట్టం చెప్పింది. మనుధర్మం అంతకు ఎంతో ముందే చెప్పింది. క్లోనింగ్ చెయ్యడానికి ఈ దేశంలో ల్యాబు కట్టాల్సిన పనిలేదు, కులం చాలు.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. విడుదలైనోళ్ళకు 'విముక్త జాతులు' అని పేరు పెట్టినారు. పేరు బాగుంది. వెంటనే అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలొచ్చినాయి. పాత రిజిస్టరుకు కొత్త అట్ట. ఇంక సినిమావాళ్ళు 1991లో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్' తీసినారు, 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' తీసినారు. ఆ ఊరి పేరు చెప్తే టీచరుగా పనిచేసే ఆమె, బ్యాంకులో పనిచేసే అతను ఎవరికీ గుర్తుకురారు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్ళలో ఫలానా కులం ఖైదీకి ఊడ్చే పని, ఫలానా కులం ఖైదీకి వంటపని అని రాసివున్న నియమాలను కొట్టేసింది. విముక్త జాతుల వాళ్ళను పుట్టుకతో నేరస్థులుగా చూసే రాతలను కూడా తప్పుబట్టింది. 1952లో తలుపు తీసినారు, 2024లో గూడా కోర్టు తలుపుకు మిగిలిన మేకులు పీకుతుండాది. ఈ లెక్క మన కార్యకర్తలు నోటికి నేర్చుకోవాల.

ఎందుకంటే చెరలోంచి బయటికొచ్చే కథలన్నీ తలుపు దగ్గరే అయిపోతాయి. హీరో గోడ పగలగొడతాడు, అందరూ వెలుతుర్లోకి పరుగెత్తుతారు, దీపాలు వెలుగుతాయి, మనం హాలులోంచి బయటికొస్తాం. మర్నాడు పొద్దున వాళ్ళేం తిన్నారు? ఎవరి జాగాలో పడుకున్నారు? ఏ పేరు చెప్పి పని అడిగినారు? దాని గురించి సినిమా తియ్యడానికి ఎవరికీ తీరిక లేదు.

మన దగ్గర ఆ మర్నాడు ఎట్లా ఉండిందో చెప్తాం. వెట్టిచాకిరీ రద్దు మీద 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976 ఫిబ్రవరిలో చట్టం వచ్చినాయి. ఆ చట్టం ఎవరు రాసినారో గాని గట్టిగా రాసినారు. వెట్టి అప్పు రద్దు. తిరిగి అడగడం నేరం. విడుదలైనోణ్ణి అతను కాపురముండే ఇంట్లోంచి వెళ్ళగొట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యమైంది, ఇది వెట్టి అప్పు కాదు అని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినోడు, మనం కాదు. తప్పు చేసినోనికి మూడేళ్ళ దాకా జైలు. ఆ కాలంలో ఎస్.ఆర్.శంకరన్ లాంటి అధికారి ఒకాయన ఈ చట్టాన్ని కాగితంమీద వదలకుండా పల్లెల్లోకి తీసుకుపోయి కూలోళ్ళకు చెప్పించినాడు. అది పెద్దల కంటికి నెరసైంది.

మన పెద్దాయనకు ఆ సంవత్సరాల్లోనే విడుదలైంది. ఎట్లా? తాసీల్దారు వస్తాడంట అని పుకారు లేచింది. ఆసామి ఆ సాయంత్రం పిలిచి, "ఇంగ నువ్వు రావద్దు, పో" అన్నాడు. అంతే. అది విడుదలో, పనిలోంచి తీసెయ్యడమో ఆయనకు ఈనాటికీ తెలీదు. మర్నాడు కోడికూతకు లేచినాడు. కాళ్ళు వాటంతట అవి నడిచి ఆసామి పశువుల కొట్టం కాడికి తీసుకుపోయినాయి. ఎద్దులు ఆయన్ను చూసి తలాడించినాయంట. చెయ్యి ముందుకుబోయి, మళ్ళా గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. ఎవరైనా చూస్తారేమోనని వంక దావన ఇంటికొచ్చి కూర్చున్నాడు. అట్లా ఎనిమిది, పది రోజులు పోయొచ్చినాడంట. "కడుపు మాడ్తాంది ఒకపక్క. ఇంగోపక్క పొద్దుపోదు. పొద్దు పోగొట్టుకునేది నాకెవరు నేర్పినారు?" అన్నాడు. ఆ మాటకు కుర్రోళ్ళు నవ్వినారు. ఆయన నవ్వలేదు.

ఆయన చేతిలో ఒక కాగితం పెట్టినోడు లేడు. కాగితం లేదు గనక సర్కారు లెక్కలో ఆయన వెట్టోడు కాడు. వెట్టోడే కాడు గనక విడుదలైనోడూ కాడు. పదమూడేళ్ళ చాకిరీ ఏ రిజిస్టరులోనూ జరగలేదు.

1984లో నీరజా చౌదరి కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది. విడిపించి వదిలేస్తే సరిపోదు, బతుకు చూపకపోతే వాళ్ళు మళ్ళా అదే వెట్టిలోకి పోతారని. మరి చూపిన బతుకెంత? 1978లో మొదలైన పథకంలో మనిషికి 4,000 రూపాయలు. 1986లో 6,250. 1995లో 10,000. 2000లో 20,000. 2016లో మార్చి మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకు పిల్లలకు రెండు లక్షలు, అమ్ముడుపోయి మరీ ఘోరంగా చెడినవాళ్ళకు మూడు లక్షలు అన్నారు. విని సంతోషపడొద్దు. ఆ పెద్దమొత్తం చేతికి రావాలంటే ఆసామికి కోర్టులో శిక్ష పడాలని మెలిక పెట్టినారు. చేతిలో పడే తక్షణ సాయం 20,000, 2021 తర్వాత 30,000. కేసు ఏళ్ళకేళ్ళు నడుస్తుంది. సాక్షి ఎవరు? ఆ ఆసామి ఊళ్ళోనే కూలికి పోవాల్సిన మనిషి.

పైగా ఆఫీసుకు పోతే ఏమడుగుతారు? నువ్వు వెట్టి చేసినట్టు ఆధారమేదంటారు. అడ్వాన్సు తీసుకున్న కాగితమేదంటారు. చట్టం ఆసామిమీద పెట్టిన రుజువు భారాన్ని గుమాస్తా మళ్ళా కూలోని నెత్తినే పెడతాడు. నవలలో పిల్లల చేతికి బొమ్మలిచ్చి ఆత్మ చూపమన్నట్టే. బంధువా ముక్తి మోర్చా కేసు గురించి ఆ గుమాస్తాకు చెప్పాల. ఫరీదాబాదు రాళ్ళ గనుల్లో కూలీల కేసు అది, తీర్పు 1983 డిసెంబరు 16న వచ్చింది. బలవంతపు చాకిరీ కనబడితే దాని వెనక అప్పో అడ్వాన్సో ఉందనే అనుకోవాల, కాదని చూపుకోవాల్సింది యజమాని అన్నది కోర్టు. అంతకుముందు 1982లో ఏషియాడ్ కూలీల కేసులో, కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకున్న పని రాజ్యాంగం 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీయే అన్నది. ఎర్రగుంట్ల చుట్టూ నాపరాళ్ళ గనుల్లో అడ్వాన్సు తీసుకొని దిగినోళ్ళు, ఇటుకబట్టీలకు ఆలుబిడ్డలతో సహా పోయినోళ్ళు, నెల్లూరు వైపు చెరువుల కాపలాకు కట్టుబడ్డ యానాది కుటుంబాలు, అందరికీ పనికొచ్చే మాటలివి. జీతగాడనే పేరు పోయి లేబరు అనే పేరొచ్చింది. మేస్త్రీ నోట్‌బుక్కులో రాత మాత్రం పాత రాతే.

అరటి నర్సరీలో పనిచేసే మన ఆడకూతురొకామె చెప్పిన మాట ఇక్కడ చెప్పాల. సీసాలో పుట్టిన మొక్కను నేరుగా చేలో పెడితే ఒక్క ఎండకు మాడిపోతుందంట. అందుకే వారాలకొద్దీ షేడ్‌నెట్టు కింద పెట్టి, మొదట తేమలో, తర్వాత కొంచెం కొంచెం ఎండ తగలనిచ్చి, వేరు పట్టినాకనే చేలోకి పంపుతారు. రైతు దానికి దుడ్డు పెడతాడు. పెట్టకపోతే పంట రాదని తెలుసు. మొక్కకిచ్చే ఆ నీడ మనిషికెక్కడిచ్చినారు? పదమూడేళ్ళు సీసాలో ఉంచి, "ఇంగ పో" అన్నారు. ఎండకు మాడినోడు తిరిగి ఆసామి వాకిట్లోకి పోతే, చూసినారా, వీళ్ళకు స్వేచ్ఛ పనికిరాదు అన్నారు.

నీడ అంటే మేమడిగేది పెద్దదేం కాదు. రెండెకరాల డీకేటీ భూమి, అది రాళ్ళగుట్ట కాకుండా నీళ్ళందే చోట. దాన్ని పెద్దోళ్ళు కలుపుకుంటే 1977 చట్టం కింద వెనక్కిప్పించే తాసీల్దారు. ఇల్లు తన పేరుమీద. మొదటి పంట దాకా ఉపాధిహామీ పని, రేషను. పిల్లోనికి హాస్టలు. కేసు నడిచినా నడవకపోయినా డబ్బు చేతికి. ఇవి లేని విడుదల కాగితం నాపరాయి మీద సుద్దగీత.

కలమల్ల చెన్నకేశవ గుడికాడి శాసనం సంగతి అందరికీ తెలుసు. రేనాటిని ఏలిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరున సుమారు 575లో వేసినది, ఇప్పటిదాకా దొరికినవాటిలో తొలి తెలుగు శాసనమని పండితులు చెప్తారు. మనూరి పేరు పుస్తకాలకెక్కింది, సంతోషం. ఎరికల్ అంటే ఎరుకలోళ్ళే అని వాదించేవాళ్ళున్నారు, ఊరిపేరని చెప్పేవాళ్ళున్నారు. మేం ఆ తగువులోకి పోం. మనకర్థమయ్యేది ఇంతే. దానిమీద ఏలినోని పేరుంది, ఆ రాత చెరిపినోనికి పంచమహాపాతకాల శాపముంది. బండ మోసినోడు, ఉలి పట్టినోడు ఎవరో లేదు. అప్పటినుంచి ఆసామి లెక్కపుస్తకం దాకా మన పేర్లు రాసినప్పుడల్లా అప్పు పక్కనే రాసినారు.

అందుకని ఆ రాత్రి మేం ఒక నోట్‌బుక్కు తెరిచినాం. పాత జీతగాళ్ళు, ఇప్పుడు అడ్వాన్సులకు కట్టుబడినోళ్ళు ఎవరెవరు, ఏ సంవత్సరం, ఎంత తీసుకున్నారు, ఎన్నాళ్ళు చేసినారు, ఏమిచ్చినారు, ఇల్లు ఎవరి జాగాలో ఉంది. ఆసామి పేరు, మేస్త్రీ పేరు కూడా. మిగతా పల్లెల్లో మన కార్యకర్తలు కూడా ఈ పని మొదలుపెట్టాల. రెండు నకళ్ళు రాసి ఒకటి ఆర్డీవోకు ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకోవాల. ఆధారమేదని అడిగితే, చూపాల్సింది మేం కాదు అని 1976 చట్టం పేరు చెప్పాల. అప్పుడు పాత జీతగాళ్ళకు డబ్బొస్తుందని మేం ఆశ చూపడంలేదు. వాళ్ళు చేసింది వెట్టి అని సర్కారు రిజిస్టరులో ఎక్కాల, ముందు అది.

పెద్దాయన వంతు వచ్చింది. అప్పెంత పెద్దాయనా, ఏ ఏడు అని పెన్ను పట్టుకొని అడిగితే, "అది తర్వాత రాయి. ముందు పేరు రాయి" అన్నాడు. ఇంటిపేరు చెప్పినాడు, తండ్రి పేరు చెప్పినాడు, తన పేరు చెప్పినాడు. రాసింది ఒకసారి చదవమన్నాడు. చదివితే, ఇంటిపేరులో ఒత్తు తప్పుబోయిందని పట్టుకున్నాడు. దిద్దించి, మళ్ళా చదివించుకొని, అప్పుడు అప్పు సంగతి చెప్పడం మొదలుపెట్టినాడు.